మనిషి కనిపించకుండా పోతే: ఎక్కడ అని వెతుకుతూనే ఎందుకు అని ఆలోచించండి

మా నాన్నకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తేలిన రెండో ఏడు, ఒక తెల్లవారుజామున గడియ తీసుకుని బయటికి వెళ్లిపోయారు. మేం లేచేసరికి మంచం ఖాళీగా ఉంది, చెప్పులు లేవు, కళ్లజోడు మాత్రం బల్ల మీదే ఉంది. తొమ్మిది గంటలు వెతికాం. అందులో మొదటి ఆరు గంటలు పూర్తిగా తప్పు చోట్ల వెతికాం, ఎందుకంటే మా బుర్రతో వెతికామే తప్ప ఆయన బుర్రతో వెతకలేదు. బస్టాండు, రైల్వే స్టేషను, చుట్టాల ఇళ్లు, ఇలా మేమైతే ఎక్కడికి వెళ్తామో అక్కడికల్లా పరిగెత్తాం. ఆయనేమో ఎప్పుడో రిటైరైన ఆఫీసుకి డ్యూటీకని బయల్దేరారు. ఆ దారిలోనే, ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా లేని చోట, ఒక ప్రహరీ గోడ వెనక పొదల్లో ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. మెలకువగానే ఉన్నారు. పొద్దున్నే మా తమ్ముడు ఆ రోడ్డు మీద "నాన్నా, నాన్నా" అని అరుచుకుంటూ వెళ్లాడు, ఆయన వినే ఉంటారు, పలకలేదు.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను, ఇలా మనిషిని పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడాను. నాకు అర్థమైంది ఒకటే. మనిషి ఎందుకు వెళ్లాడో కొంతైనా ఊహించగలిగితే ఎక్కడ ఉంటాడో సగం తెలిసినట్టే. అలాగని ఆ "ఎందుకు" తేలాకే ఫిర్యాదు చేద్దామని ఆగకండి, రెండూ ఒకేసారి జరగాలి. ఎలాగో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

మొదటి గంట

ముందు ఇల్లు. నవ్వుకోకండి, పిల్లలు పోయారని ఊరంతా వెతికాక మంచం కిందో, బట్టల బీరువాలోనో నిద్రపోతూ దొరకడం చాలా మామూలు. తిట్లు పడతాయని భయపడిన పిల్లాడు పేరు పెట్టి పిలిచినా పలకడు. అందుకే గదులన్నీ, మంచాల కింద, కర్టెన్ల వెనక, బీరువాలు, వాషింగ్ మెషిన్, వాడని ఫ్రిజ్, మేడ మీద, నీళ్ల సంపు, కారు లోపల, కారు డిక్కీ, అన్నీ చేత్తో తెరిచి చూడాలి. ఒకళ్లు చూసిన చోటే ఇంకొకళ్లు మళ్లీ చూడాలి, ఎందుకంటే కంగారులో కళ్ల ముందున్నది కూడా కనబడదు. దీనికి పది పదిహేను నిమిషాలు చాలు. చిన్నపిల్లలైతే ఇల్లు ఒకళ్లు చూస్తుండగానే ఇంకొకళ్లు దగ్గర్లో ఉన్న నీళ్ల వైపు పరిగెత్తాలి, బావి గానీ చెరువు గానీ కాలవ గానీ ఈత కొలను గానీ ఏదైనా సరే.

ఆ వెంటనే పోలీసులు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఫిర్యాదు తీసుకోరన్న మాట ప్రపంచమంతా పాకిపోయింది, సినిమాల పుణ్యమే ఎక్కువ, అది అబద్ధం. పిల్లలు, పెద్ద వయసువాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, చనిపోతానని అన్నవాళ్లు కనిపించకపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. మేం వెళ్లిన చోట బల్ల దగ్గరున్న ఆయన "రాత్రికి వచ్చేస్తారు లెండి, రాకపోతే రేపు రండి" అన్నారు. మా అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని "రాసుకునేదాకా నేను లేవను" అంది. మీరూ అలాగే కూర్చోండి. గొడవ పడాల్సిన పని లేదు, ఆయన వయసు ఇంత, ఈ జబ్బు ఉంది, ఈ మందు వేసుకోకపోతే ఈ ప్రమాదం, అని నెమ్మదిగా ఒక్కొక్కటీ చెప్పండి. ప్రమాదం ఏమిటో స్పష్టంగా చెబితే వినేవాళ్లు కూడా వేరేగా వింటారు. ఫిర్యాదు నంబరు, రాసుకున్నవాళ్ల పేరు తీసుకోకుండా బయటికి రావద్దు.

ఇంట్లో ఒకళ్లు కచ్చితంగా ఉండాలి. అందరూ వెతకడానికి బయల్దేరితే, ఆ మనిషి తిరిగొచ్చి తాళం చూసి మళ్లీ వెళ్లిపోవచ్చు.

ఇంకొకటి, ఆ మనిషి ఫోన్‌కి ఇంటిల్లిపాదీ కలిసి యాభై సార్లు కాల్ చేయకండి. ఛార్జింగ్ అయిపోతుంది. ఫోన్ ఆన్‌లో ఉన్నంతసేపే అది ఎక్కడుందో తెలుసుకునే దారి సులువుగా ఉంటుంది. ఒకళ్లు రెండు సార్లు చేయండి, తర్వాత ఒక మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్‌లో "నువ్వు క్షేమంగా ఉన్నావని ఒక్క మాట చెప్పు చాలు, ఇంకేం అడగం" అన్నట్టు ఉండాలి. "ఇంటికి రా నీ సంగతి చెప్తా" అన్న మెసేజ్ చదివి తిరిగొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

ఎందుకు వెళ్తారు

2003లో బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు కనిపించకుండా పోయినవాళ్ల కేసులు చాలా చూసి, వాటిని ఒక గీత మీద పెట్టినట్టుగా చెప్పారు. ఆ గీతకి ఒక కొసన కావాలనే నిర్ణయించుకుని వెళ్లినవాళ్లు. తర్వాత, వెళ్లాలని అనుకోకపోయినా ఉత్తరాలు తగ్గి, ఫోన్లు తగ్గి, మెల్లగా దూరమైపోయినవాళ్లు. ఆ తర్వాత, తమకి తెలియకుండానే తప్పిపోయినవాళ్లు, అంటే దారి మర్చిపోయినవాళ్లు, యాక్సిడెంట్ అయినవాళ్లు. రెండో కొసన బలవంతంగా తీసుకెళ్లబడినవాళ్లు. మీ మనిషి ఈ గీత మీద ఎక్కడ ఉండొచ్చో అనుకోండి. ఒక్కటే అని గట్టిగా పట్టుకోకండి, రెండు మూడు అనుకోండి, ఒక్కోదానికీ ఒక మనిషిని పంపండి.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల విషయంలో నేను చాలా చెప్పగలను, అనుభవించాను కాబట్టి. వాళ్లు మన దృష్టిలో తిరుగుతున్నారు గానీ వాళ్ల దృష్టిలో ఒక పని మీద వెళ్తున్నారు. చిన్నప్పటి ఇల్లు, పాత ఉద్యోగం, బడి నుంచి పిల్లల్ని తీసుకురావడం, ఎప్పుడో పోయిన అమ్మని చూడటం. ఒక దిక్కు పట్టుకుంటే అడ్డం వచ్చేదాకా అదే దిక్కున నడుస్తారు, కంచె వస్తేనో పొద వస్తేనో అక్కడ ఇరుక్కుపోతారు, వెనక్కి తిరగాలని తోచదు. పిలిస్తే పలకరు, సాయం అడగరు. చాలామంది ఇంటికి దగ్గర్లోనే దొరుకుతారు గానీ రోడ్డు మీద నుంచి కనిపించని చోట. కాబట్టి పేరు పెట్టి అరుస్తూ బండి మీద తిరిగితే లాభం లేదు, కాలినడకన పొదల్లో, గోడల వెనక, కాలవ గట్ల కింద, కట్టి వదిలేసిన ఇళ్లలో కళ్లతో చూడాలి. బయల్దేరే ముందు ఇంట్లో మిగతావాళ్లని అడగండి, ఆ మనిషి ఈ వారంలో ఎవరి పేరు ఎక్కువగా తలిచారు, ఏ ఊసు ఎక్కువగా చెప్పారు అని. మా నాన్న అంతకు ముందు రెండు రోజుల నుంచీ "ఫైలు ఇవ్వాలి, ఫైలు ఇవ్వాలి" అంటూనే ఉన్నారు. మేం విని ఊరుకున్నాం.

ఇలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఇప్పుడే ఒక కాగితం రాసి పెట్టుకోండి. బ్రిటన్‌లో దీన్ని హెర్బర్ట్ ప్రోటోకాల్ అంటారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో పోరాడి ముసలితనంలో డిమెన్షియాతో బాధపడ్డ జార్జ్ హెర్బర్ట్ అనే సైనికుడి పేరు మీద. పాత అడ్రసులు, పనిచేసిన చోట్లు, ఇష్టమైన చోట్లు, ఇంతకు ముందు ఎక్కడ దొరికారు, ఏ మందులు వాడుతున్నారు, కొత్తవాళ్లు పలకరిస్తే ఎలా ఉంటారు, ఇవన్నీ ముందే ఒక ఫారంలో రాసి కొత్త ఫోటో అంటించి పెట్టుకుంటారు. పోయిన రోజు వణికే చేతులతో రాయాల్సిన పని ఉండదు. మీ దేశంలో అలాంటి ఫారం ఉన్నా లేకపోయినా ఒక తెల్ల కాగితం చాలు.

ఆటిజం ఉన్న పిల్లల సంగతి వేరు. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తల్లిదండ్రులు చెప్పారు. ఎక్కువగా వాళ్లకి ఇష్టమైనదాని దగ్గరికో, భరించలేని శబ్దం నుంచి దూరంగానో వెళ్తారు. చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, అదే పెద్ద ప్రమాదం. అందుకే మొదట నీళ్లు, తర్వాత రైలు పట్టాలు, పెద్ద రోడ్డు, తర్వాతే మిగతావన్నీ. వెతికేవాళ్లకి ఆ పిల్లాడికి ఏది ఇష్టమో, ముట్టుకుంటే భయపడతాడా లేదా అన్నది ముందే చెప్పండి.

మామూలు చిన్నపిల్లల్ని ఎవరో ఎత్తుకెళ్లారేమో అన్నది అందరికీ వచ్చే మొదటి భయం. నిజానికి పిల్లల్ని తీసుకెళ్లేది ఎక్కువగా తెలిసినవాళ్లే, విడిపోయిన తల్లో తండ్రో, బంధువులో. బయటివాళ్లు ఎత్తుకెళ్లడం అరుదు, కానీ అది జరిగితే మాత్రం మొదటి కొన్ని గంటలే కీలకం. 1996లో అమెరికాలోని టెక్సస్‌లో యాంబర్ హేగర్‌మన్ అనే తొమ్మిదేళ్ల పాపని సైకిల్ తొక్కుకుంటుండగా ఎత్తుకెళ్లి చంపేశారు. ఆ తర్వాతే రేడియోలో, టీవీలో, ఇప్పుడైతే ఫోన్లలో కూడా వెంటనే హెచ్చరిక వచ్చేలా యాంబర్ అలర్ట్ పుట్టింది. కాబట్టి ఎవరైనా పిల్లని బండెక్కించడం చూశారని తెలిస్తే ఆ మాటే ముందు చెప్పండి, మిగతా వివరాలు తర్వాత.

టీనేజ్ పిల్లలు. పారిపోయారు అంటాం గానీ చాలాసార్లు వాళ్లు దేనికో భయపడి బయటపడతారు. మార్కులు, ప్రేమ, కొట్టే తండ్రి, ఇంట్లోనే చేయి వేసే బంధువు, ఆన్‌లైన్‌లో బెదిరించే ఎవడో. వాళ్ల స్నేహితులకి దాదాపు ఎప్పుడూ ఏదో ఒకటి తెలిసే ఉంటుంది, మీకు చెప్పరు. మీరే వెళ్లి అడిగితే నోరు విప్పరు, వాళ్లు నమ్మే టీచరో, అక్కో, ఆ స్నేహితురాలి అమ్మో అడిగితే చెప్తారు. "వాడెక్కడున్నాడు" అని కాకుండా "వాడు క్షేమంగా ఉన్నాడో లేదో ఒక్కటే చెప్పు" అని అడిగించండి. ఏడాదిలో మూడోసారి వెళ్లిపోయిన పిల్లని "దానికిది అలవాటే" అని వదిలేయడం నేను చూశాను. అలవాటు కాదు. మూడుసార్లు పారిపోవాల్సినంత కష్టం ఆ ఇంట్లోనో ఆ బడిలోనో ఉందని అర్థం.

పెద్దవాళ్లు చెప్పకుండా వెళ్లిపోతే వెనక చాలా ఉండొచ్చు. అప్పు, పోయిన ఉద్యోగం, పరువు, విడాకులు, తాగుడు, డిప్రెషన్. జపాన్‌లో ఇలా మాయమైపోయేవాళ్లకి జొహత్సు అనే పేరే ఉంది, ఆవిరైపోవడం అని దాని అర్థం, రాత్రికి రాత్రి సామాను సర్దించి తరలించే కంపెనీలు కూడా అక్కడ ఉన్నాయి. వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఇంట్లోవాళ్ల మీద కోపంతో కాదు, వాళ్లకి ముఖం చూపించలేక వెళ్తారు. ఇది గుర్తుపెట్టుకుంటే మీరు రాసే మెసేజ్, మీరు వేసే పోస్టరు రెండూ మారిపోతాయి.

డిప్రెషన్ ఉందని, చనిపోవాలని ఉందని ఎప్పుడైనా అన్నారని తెలిస్తే, దయచేసి దాచకండి. పరువు పోతుందని ఆ ఒక్క ముక్క దాచిపెట్టి, మిగతా అన్నీ చెప్పే కుటుంబాలు ఎన్నో. పోలీసులు ఎంత వేగంగా కదలాలన్నది ఆ ముక్క మీదే ఆధారపడి ఉంటుంది. ఈమధ్య వస్తువులు పంచిపెట్టారా, బాకీలు తీర్చారా, ఉన్నట్టుండి మరీ ప్రశాంతంగా అయిపోయారా, ఏ చోటు గురించైనా మాట్లాడారా, మందులు ఏమైనా ఇంట్లో తగ్గాయా, ఇవన్నీ చెప్పండి. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు ఉంటే, మీ దేశంలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి గానీ మీకు నమ్మకమున్న ఒక్క మనిషికి గానీ ఇప్పుడే ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

తానెవరో తానే మర్చిపోయి వెళ్లిపోవడం సినిమాల్లో ఎక్కువ, బయట చాలా అరుదు, కానీ ఉంది. 1887లో అమెరికాలో రోడ్ ఐలాండ్‌కి చెందిన ఆన్సెల్ బోర్న్ అనే మతబోధకుడు బ్యాంకులో డబ్బు తీసుకుని మాయమయ్యాడు. రెండు నెలల తర్వాత పెన్సిల్వేనియాలో ఒక పొద్దున లేచి నేనెక్కడున్నాను అని అడిగాడు. ఈలోపు అక్కడ బ్రౌన్ అనే పేరుతో చిన్న కొట్టు నడుపుకుంటున్నాడు, పక్కవాళ్లకి ఏ అనుమానమూ రాలేదు. అంటే, మాయమైన మనిషి పిచ్చివాడిలా రోడ్ల మీద తిరుగుతుంటాడనే అనుకోకూడదు, మామూలుగానే కనిపించవచ్చు.

బలవంతపు అదృశ్యాలు పూర్తిగా వేరే లోకం. మనుషుల్ని అమ్మే ముఠాలు ఒకటైతే, ప్రభుత్వాలే మనుషుల్ని మాయం చేయడం ఇంకొకటి. అర్జెంటీనాలో సైనిక పాలనలో పిల్లలు మాయమైన తల్లులు 1977 ఏప్రిల్ 30న ప్లాజా దే మాయో అనే కూడలిలో మొదటిసారి కలిశారు, తర్వాత ప్రతి గురువారం తలకి తెల్ల గుడ్డ కట్టుకుని అక్కడే తిరిగారు. అలాంటి చోట ఒంటరిగా తిరగకండి, లాయరుతో, మానవ హక్కుల సంఘాలతో, మీలాంటి మిగతా కుటుంబాలతో కలిసి వెళ్లండి.

పోలీసులకి ఏం ఇవ్వాలి

ఫోటో. పెళ్లిలో తీసింది కాదు, ఫిల్టర్ వేసింది అసలే కాదు. ఈ మధ్యది, ముఖం తేటగా కనిపించేది ఒకటి, నిలువెత్తుది ఒకటి, కళ్లజోడు పెట్టుకునేవాళ్లైతే ఉన్నదీ లేనిదీ. జనం మీ మనిషిని అలిసిపోయి, గడ్డం మాసి ఉండగా చూస్తారు, స్టూడియోలో చూడరు.

వేసుకున్న బట్టలు గుర్తు రాకపోతే బీరువా తెరిచి ఏవి లేవో చూడండి, అలా త్వరగా తెలుస్తుంది. చెప్పులు మర్చిపోకండి. చొక్కా మార్చుకుంటారు, చెప్పులు మార్చుకోరు. అదే కంపెనీ జత ఇంకోటి ఉంటే దాని అడుగు భాగం ఫోటో తీసి ఇవ్వండి, మట్టిలో పడ్డ అడుగుల్ని పోల్చడానికి పనికొస్తుంది. పుట్టుమచ్చలు, పాత ఆపరేషన్ గాట్లు, పచ్చబొట్టు, పళ్ల సంగతి, నడిచేటప్పుడు కుంటుతారా, ఏ చేతివాటం, నత్తి ఉందా, ఏ భాషలు వచ్చు. పళ్ల డాక్టరు ఎవరో కూడా రాసి పెట్టండి.

వాళ్ల గది సర్దకండి. దుప్పటి, దిండు గలీబు ఉతకకండి. టూత్ బ్రష్, దువ్వెన, విడిచిన బట్టలు విడివిడిగా కాగితం కవర్లలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడితే పాడవుతాయి. పోలీసు కుక్కలకి వాసన చూపించాలన్నా, తర్వాత ఎప్పుడైనా డీఎన్‌ఏ పోల్చాలన్నా అవే ఆధారం.

కంప్యూటర్‌లోనో ఇంకో ఫోన్‌లోనో వాళ్ల అకౌంట్ తెరిచి ఉంటే లాగ్ అవుట్ చేయకండి, పాస్‌వర్డ్ మార్చకండి. ఫోన్ చివరిగా ఎక్కడుందో చూపించే సౌకర్యం అందులోనే ఉండొచ్చు. ఈ మధ్య ఏం వెతికారు, ఏ టికెట్ కొన్నారు, చెత్తబుట్టలో ఏ కాగితం పడేశారు చూడండి. 1926 డిసెంబర్ 3న ఇంగ్లాండ్‌లో రచయిత్రి అగాథా క్రిస్టీ మాయమైంది. కారు ఒక గుట్ట దగ్గర దొరికింది కాబట్టి వేలమంది ఆ చుట్టుపక్కలే గాలించారు, చెరువులు తోడారు. ఆమె పదకొండు రోజుల తర్వాత ఎంతో దూరంలో యార్క్‌షైర్‌లోని హారోగేట్ అనే ఊళ్లో ఒక హోటల్‌లో దొరికింది, తన భర్త ప్రేమించిన అమ్మాయి ఇంటిపేరుతో గది తీసుకుని. యార్క్‌షైర్‌లో ఒక స్పాకి వెళ్తున్నానని ఆమె మరిదికి ఉత్తరం కూడా రాసింది. వస్తువు దొరికిన చోటే మనిషీ ఉంటాడని గుడ్డిగా నమ్మొద్దని, ముందు వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూసుకోవాలని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. వెళ్లడానికి ముందు ఆ ఇంట్లో ఏం జరిగింది అన్నది కూడా అంతే ముఖ్యం. ఆమె తల్లి ఆ ఏడే పోయింది, భర్త విడాకులు అడిగాడు.

సీసీ కెమెరాలు, ఆస్పత్రులు

కెమెరా ఫుటేజ్ విషయంలో తొందరపడండి. చాలా చోట్ల కొన్ని రోజులకే పాతదాని మీద కొత్తది రికార్డ్ అయిపోతుంది. మొదటి రోజే ఇంటి నుంచి ఒక్కో దిక్కున ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో రాసుకుని, వాళ్లని "చెరపకండి, దాచండి" అని అడగండి, చూడటం తర్వాత చూసుకోవచ్చు. చూసేటప్పుడు ముందుగా ఆ కెమెరాలో టైమ్‌ని మీ ఫోన్ టైమ్‌తో సరిపోల్చండి. ఇరవై నిమిషాలు, గంట తేడా ఉండే కెమెరాలు ఎన్నో, ఆ తేడా రాసుకోకపోతే మనిషి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి వెళ్లాడో తలకిందులవుతుంది.

ఆస్పత్రుల్లో పేరు చెప్పి అడిగితే "లేరు" అంటారు. స్పృహ లేకుండా వచ్చినవాళ్ల పేరు అక్కడెవరికీ తెలియదు కదా. "పేరు తెలియని పేషెంట్ ఎవరైనా వచ్చారా, ఇంత వయసు, ఈ గుర్తులు" అని అడగండి. ఫోన్లో కాకుండా మనిషి వెళ్లి ఫోటో చూపించడం మేలు, షిఫ్ట్ మారాక మళ్లీ వెళ్లడం ఇంకా మేలు. మార్చురీలో అడగాల్సి వస్తే ఇంట్లో అందరికంటే దగ్గరివాళ్లని పంపకండి, కొంచెం దూరపు బంధువునో స్నేహితుడినో పంపండి.

పోస్టర్లు, సోషల్ మీడియా

పోస్టరు మీద ఫోటో పెద్దగా, మాటలు తక్కువగా ఉండాలి. పేరు, వయసు, చివరిగా కనిపించిన చోటు, రోజు, బట్టలు, ఫోన్ చేయాల్సిన నంబరు. పోలీసుల నంబరు పెడితే మంచిది. మీ సొంత నంబరు పెట్టాల్సి వస్తే దీనికోసమే కొత్త నంబరు తీసుకోండి, ఎందుకంటే కాల్స్ వస్తాయి, అందులో మోసగాళ్లూ ఉంటారు. "మీ అబ్బాయి మా దగ్గరే ఉన్నాడు, డబ్బు పంపండి" అంటారు, ఆశలో ఉన్న మనిషి నిజమనే నమ్ముతాడు. అందుకే ఒక గుర్తు మాత్రం పోస్టరులో రాయకుండా మీ దగ్గరే ఉంచుకోండి, పచ్చబొట్టో, ఉంగరమో. ఫోన్ చేసినవాడిని దాని గురించి అడగండి. చెప్పలేకపోతే ఒక్క రూపాయి కూడా పంపొద్దు, నంబరు పోలీసులకి ఇవ్వండి. ఆ ఫోన్లు ఎత్తే పని తల్లికో భార్యకో కాకుండా ఇంకెవరికైనా ఇవ్వండి.

ఇతరుల పోస్టులు షేర్ చేసేవాళ్లకి ఒక మాట. కొట్టే భర్త నుంచో, చంపుతామన్న ఇంటివాళ్ల నుంచో పారిపోయిన అమ్మాయి ఫోటోని కూడా "మా అమ్మాయి కనిపించట్లేదు" అనే పెడతారు. పోలీసు ఫిర్యాదు వివరం లేని పోస్టుని ముందుకి పంపకండి. ఆ మనిషి మీకు కనిపించినా కామెంట్లో "ఫలానా చోట చూశాను" అని రాయకండి, పోలీసులకి చెప్పండి. చాలా దేశాల్లో పెద్దవాళ్లకి వెళ్లిపోయే హక్కు ఉంది, పోలీసులు దొరికిన మనిషి ఇష్టం లేకుండా అడ్రస్ ఇంట్లోవాళ్లకి చెప్పరు, క్షేమంగా ఉన్నారని మాత్రమే చెప్తారు. విన్నప్పుడు గుండె మండుతుంది, కానీ క్షేమం అన్న మాట దొరకని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మీరే అలా వెళ్లిపోయి ఉంటే, తిరిగి రమ్మని నేను అనను, మీ కారణం మీకు తెలుసు. బతికే ఉన్నానన్న ఒక్క మాట ఏ పోలీస్ స్టేషన్ ద్వారానో పంపండి. ఎక్కడున్నారో చెప్పక్కర్లేదు.

రోజులు గడిచినకొద్దీ

చాలామంది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతారు. దొరకనివాళ్ల కుటుంబాలకి కొన్ని పనులు చెప్తాను. వాళ్ల సిమ్ రద్దు కాకుండా రీఛార్జ్ చేస్తూ ఉండండి, ఇంటి నంబరు మార్చకండి, ఇల్లు మారాల్సి వస్తే పక్కింట్లో అడ్రస్ వదిలి వెళ్లండి, మనుషులు ఏళ్ల తర్వాత కూడా గుర్తున్న ఒకే ఒక్క నంబరుకి ఫోన్ చేస్తారు. కేసు చూసే అధికారి మారినప్పుడల్లా కొత్తాయన్ని కలిసి ఫైలు మొదటి నుంచి చూపించండి. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఏమన్నారు అని ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. వేరే దేశానికి వెళ్లి ఉంటారని అనుమానం ఉంటే, దేశాల పోలీసుల ఉమ్మడి సంస్థ అయిన ఇంటర్‌పోల్ ఇచ్చే ఎల్లో నోటీసు అడగండి, కనిపించకుండా పోయినవాళ్ల కోసమే అది, పోలీసుల ద్వారానే వెళ్తుంది. యుద్ధంలోనో వలసలోనో విడిపోయినవాళ్లకి రెడ్‌క్రాస్ వెతికి పెడుతుంది.

రక్త సంబంధీకుల డీఎన్‌ఏ ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు, ఇస్తే పోయారని ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. నాకు అర్థమవుతుంది. కానీ 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలో దాదాపు 8000 మందిని చంపి గోతుల్లో పూడిస్తే, బంధువులు ఇచ్చిన రక్త నమూనాలతోనే వాళ్లలో దాదాపు 7000 మందిని గుర్తించగలిగారు. 2021 నుంచి ఇంటర్‌పోల్ కూడా దేశాల మధ్య బంధువుల డీఎన్‌ఏ పోల్చే ఏర్పాటు చేసింది. అమ్మానాన్నలు పెద్దవాళ్లయితే త్వరగా ఇప్పించండి, వాళ్ల నమూనాయే అన్నిటికంటే బాగా పనికొస్తుంది.

మనసు సంగతి. చనిపోయారంటే ఏడ్చి కర్మ చేసి కొంతకాలానికి లేవగలం, ఉన్నారో లేరో తెలియకపోతే ఏడవడానికీ భయమే, నవ్వడానికీ భయమే. అమెరికాలో పాలీన్ బాస్ అనే ఆవిడ 1970లలో యుద్ధంలో కనిపించకుండా పోయిన పైలట్ల కుటుంబాలని చూసి, ఈ తేలని దుఃఖానికి మొదటిసారి ఒక పేరు పెట్టింది. ఆవిడ చెప్పేదేమిటంటే, రెండు మాటలూ ఒకేసారి మనసులో ఉంచుకోవచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఏదో ఒకటి తేల్చుకోమని మిమ్మల్ని తోసే చుట్టాల మాట వినాల్సిన పని లేదు. ఆ ఇంట్లో మిగిలిన పిల్లల్ని మాత్రం చూసుకోండి. అందరూ పోయినవాడి గురించే మాట్లాడుతుంటే ఉన్నవాడు ఎవరికీ కనబడకుండా పోతాడు.

తిరిగొచ్చినప్పుడు

మొదట నీళ్లు, అన్నం, నిద్ర, ఒంటి మీద దెబ్బలుంటే డాక్టరు. ఎక్కడికి పోయావ్, ఎందుకు పోయావ్, మా పరువేమైంది, ఇవి ఆ రోజు వద్దు. ఒకటి రెండు రోజులయ్యాక, ఇంట్లోవాళ్లు కాకుండా వాళ్లకి నమ్మకమున్న ఒక మనిషితో మాట్లాడనివ్వండి, ముఖ్యంగా పిల్లలైతే, ఎందుకంటే పారిపోయిన కారణం ఇంట్లోనే ఉంటే అది ఇంట్లోవాళ్లకి చెప్పలేరు. ఎక్కడ ఉన్నావు అనేదానికంటే ఏది భరించలేక వెళ్లావు అనేది అడగమనండి.

మా నాన్నని ఇంటికి తెచ్చాక మా అమ్మ ఏమీ అడగలేదు. కాళ్లు కడిగి, ముళ్లు తీసి, "ఫైలు ఇచ్చేశారా" అంది. ఆయన ఇచ్చేశానన్నారు. ఆ తర్వాత ఆయన చేతికి మా ఫోన్ నంబరున్న కడియం వేశాం, తలుపుకి గంట కట్టాం, పొద్దున్నే ఆయనతో కలిసి ఆ రోడ్డు మీద కాసేపు నడవడం మా తమ్ముడు అలవాటు చేసుకున్నాడు.

మనిషి దొరికిన రోజే పోలీసులకి చెప్పి కేసు మూయించండి, కలిసిన ఆస్పత్రులకి, ఫుటేజ్ ఇచ్చినవాళ్లకి, వెతికిన అందరికీ ఫోన్ చేయండి, గోడల మీద పోస్టర్లు చింపండి, పెట్టిన పోస్టులన్నీ తీసేయండి, షేర్ చేసినవాళ్లని కూడా తీసేయమని అడగండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఉద్యోగానికి వెళ్లిన ఆ పిల్ల పేరు ఎవరో వెతికితే మొదట ఆ ఫోటోయే వస్తుంది.